కుస్కుస్ ముద్ద కాకుండా, మన బత్తాయి, దానిమ్మలతో పొడిపొడిగా రావాలంటే

చెల్లెమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ మరిది దుబాయ్ నుంచి అరకిలో కుస్కుస్ ప్యాకెట్ తెచ్చాడు. ఒక గ్లాసు తీసి, రవ్వకు పోసినట్టే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి ఉప్మాలా కలిపారు, గడ్డ కట్టింది. వచ్చే ఆదివారం జడ్చర్లలో మీ ఇంట్లో పాప పుట్టినరోజు, పదిహేను మంది వస్తున్నారు. చికెన్ ఫ్రై పక్కన పండ్లు, కూరగాయలు వేసి చల్లటి సైడ్ డిష్‌గా ఇది పెట్టాలనుకుంటున్నారు. నీళ్లు ఎన్ని, మన దగ్గర దొరికే పండ్లలో ఏవి పనికొస్తాయి, ఎంత ముందు చేసి పెట్టుకోవచ్చు, ప్యాకెట్ చాలకపోతే రవ్వతో అవుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. కుస్కుస్‌ను పొయ్యి మీద ఉడికించొద్దు. గ్లాసు కుస్కుస్‌కు గ్లాసు మరిగే నీళ్లు, అదీ రెండు పెద్ద చెంచాలు తక్కువగా, అంతే. పోసి, మూత పెట్టి, ఎనిమిది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. ఫోర్క్‌తో విడదీసి, వెడల్పు తల్లెలో ఆరబోసి పూర్తిగా చల్లారనివ్వండి. తడి తీసిన కూరగాయలు, పండ్లు తినే ముందు మాత్రమే కలపండి.

నేను దుబాయ్‌లో ఒక హోటల్ కిచెన్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ నా పక్క పొయ్యి మీద మొరాకో నుంచి వచ్చిన పెద్దాయన వంట చేసేవాడు, కుస్కుస్ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు పదకొండేళ్లుగా నల్లగొండలో క్యాటరింగ్ చేస్తున్నాను. ఫంక్షన్లలో ఈ వంటకం పెట్టీ పెట్టీ నాకు తెలిసిందేంటంటే, దీన్ని చెడగొట్టేది మంట కాదు, నీళ్లు. అవి కూడా మనం కొలిచి పోసినవి కాదు. కీర నుంచి, టమాటా నుంచి, బత్తాయి తొనల నుంచి తర్వాత మెల్లగా ఊరే నీళ్లు. ఆ నీళ్లను ఆపగలిగితే మీకు ఇందులో కష్టమైన పనేమీ ఉండదు.

ఇంతకీ ఇది ఏంటో తెలిస్తే ముద్ద ఎందుకైందో తెలుస్తుంది. చాలామంది కుస్కుస్ అంటే కొర్రల్లాంటి ఒక ధాన్యం అనుకుంటారు. కాదు, ఇది గోధుమే. డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమను రవ్వ పట్టించి, ఉప్పునీళ్లు చిలకరిస్తూ, అరచేతితో పళ్లెంలో తిప్పుతూ చిన్న చిన్న పూసలుగా చుట్టి, ఆవిరి మీద ఉడికించి ఎండబెడతారు. ఉత్తర ఆఫ్రికాలో ఇది తరాల నాటి వంట. అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మారిటానియా నాలుగు దేశాలూ కలిసి అడిగితే, 2020లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మొరాకోలో శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. అక్కడ దాన్ని వేడివేడిగా, కూరగాయల పులుసు, మాంసంతో తింటారు. ఇలా చల్లగా సలాడ్‌లా కలపడం తర్వాత వచ్చిన పద్ధతి. అయితే పండ్లు వేయడం వాళ్లకు కొత్తేమీ కాదు. ట్యునీషియాలో ఖర్జూరం, దానిమ్మ గింజలు కలిపి తియ్యటి కుస్కుస్ చేస్తారు, మస్ఫూఫ్ అంటారు.

షాపుల్లో ప్యాకెట్లలో వచ్చేది ఫ్యాక్టరీలోనే ఒకసారి ఆవిరి పట్టి ఎండబెట్టింది. అంటే అది ముందే ఉడికే వచ్చింది, దాన్ని మళ్లీ నాననిస్తే చాలు. మీరు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, పైగా మంట మీద కలిపారు. ఉడికిన అన్నాన్ని మళ్లీ ఎసట్లో వేసి గరిటె పెట్టి తిప్పినట్టు అయింది. మీ చేతి తప్పు కాదు, చూడటానికి అచ్చం రవ్వలా ఉంటుంది కాబట్టి ఎవరైనా అలాగే చేస్తారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మరో ప్యాకెట్ కావాలని కిరాణం షాపులో "కుస్‌కుస్ ఉందా" అని అడిగితే గసగసాలు పొట్లం కట్టి ఇస్తారు. హిందీలో, ఉర్దూలో గసగసాలను ఖస్‌ఖస్ అంటారు కదా, అదీ గందరగోళం. మా దగ్గర పనిచేసే పిల్లవాడు ఒకసారి అలాగే ఖరీదు పెట్టి పావుకిలో గసగసాలు తెచ్చాడు. ప్యాకెట్ ఫొటో చూపించి అడగండి. అలాగే సగ్గుబియ్యం అంత లావుగా ఉండే పెర్ల్ కుస్కుస్ అని ఇంకొకటి దొరుకుతుంది. దాన్ని మాత్రం నీళ్లలో ఉడికించి వార్చాలి, ఇక్కడ చెప్పే కొలతలు దానికి పనికిరావు.

కొలతలు

మీ ప్యాకెట్‌లో ఒక గ్లాసు పోయింది, ఇంకో రెండు గ్లాసుల లోపు ఉంటుంది. పక్కన పెట్టుకునేదే కాబట్టి పదిహేను మందికి చాలు. ఒక గ్లాసుకు చెబుతాను, మీరు రెట్టింపు చేసుకోండి.

కుస్కుస్ ఒక గ్లాసు. మరిగే నీళ్లు అదే గ్లాసుతో ఒక గ్లాసు, అందులోంచి రెండు పెద్ద చెంచాలు తీసేయండి. ఉప్పు అర చెంచా, నూనె ఒక పెద్ద చెంచా, కిస్మిస్ గుప్పెడు. కూరగాయల్లో క్యారెట్ ఒకటి, కీర ఒకటి, క్యాప్సికమ్ సగం, చిన్న ఉల్లిగడ్డ ఒకటి. పండ్లలో బత్తాయిలు రెండు, దానిమ్మ ఒకటి. వేయించి పొట్టు తీసిన పల్లీలు గుప్పెడు. పుదీన, కొత్తిమీర సన్నగా తరిగి చెరో గుప్పెడు. పైన కలిపే పులుపుకు నిమ్మకాయ ఒకటి, నూనె రెండు పెద్ద చెంచాలు, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, అర చెంచా తేనె.

నీళ్లు రెండు చెంచాలు తక్కువ ఎందుకంటే, కుస్కుస్ కొంచెం దాహంగా ఉండాలి. తర్వాత కలిపే నిమ్మరసం, బత్తాయి తడి అది పీల్చుకుంటుంది. ముందే కడుపునిండా తాగి కూర్చుంటే ఆ రసం గిన్నె అడుగున నిలబడుతుంది. ఎనిమిది నిమిషాల తర్వాత ఒక పూస నోట్లో వేసుకుని చూడండి. మధ్యలో గట్టిగా తగిలితే రెండు చెంచాల వేడి నీళ్లు చిలకరించి ఇంకో రెండు నిమిషాలు మూత పెట్టండి. తక్కువైతే ఇలా పోసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం.

చేసే తీరు

వెడల్పాటి గిన్నెలో కుస్కుస్, ఉప్పు, నూనె వేసి రెండు చేతులతో రుద్దండి. మొరాకో పెద్దాయన నాతో మొదటి నెలంతా ఇదే చేయించాడు. చేతిలోకి తీసుకుని అరచేతుల మధ్య మెల్లగా రాస్తూ కిందకు జారనివ్వాలి, బొబ్బట్ల పిండి పిసికినట్టు కాదు. ప్రతి పూసకూ నూనె పట్టిందంటే రంగు కొంచెం ముదురుతుంది, వేళ్లకు ఇసుకలా జారుతుంది. అప్పుడు కిస్మిస్ చల్లి, మరిగే నీళ్లు గిన్నె అంతా తడిసేలా తిప్పుతూ పోయండి. గిన్నెను ఒకసారి ఊపి పైన చదును చేసి మూత పెట్టండి. గరిటె పెట్టొద్దు. కిస్మిస్ ఆ ఆవిరికే ఉబ్బి మెత్తబడుతుంది, విడిగా నానబెట్టే పని లేదు.

మూత తీశాక పైన చదునుగా కేకులా కనిపిస్తుంది. భయపడొద్దు. ఫోర్క్ తీసుకుని అంచు నుంచి మధ్యలోకి గీరుతూ రండి. చెంచాతో కలిపితే నలిగిపోతుంది, ఫోర్క్ పళ్ల మధ్య నుంచి పూసలు విడిపోతాయి. చిన్న ఉండలు మిగిలితే నూనె రాసుకున్న వేళ్లతో చిదమండి. తర్వాత పెద్ద తల్లెలో పలచగా ఆరబోయండి. పులిహోరకు అన్నం ఆరబోస్తాం చూడండి, అచ్చం అలాగే. పూర్తిగా చల్లారే వరకు ఏమీ కలపొద్దు. వేడి మీద కీర వేస్తే ఉడుకు వాసన వస్తుంది, పుదీన నల్లబడుతుంది.

కూరగాయల తడి తీయడం

అసలు పని ఇక్కడే ఉంది. కీరను నిలువుగా రెండుగా కోసి, మధ్యలో గింజల భాగం చెంచాతో గీకి తీసేయండి. మిగిలిన గట్టి భాగాన్ని శనగ గింజంత ముక్కలు కోసి, చిటికెడు ఉప్పు వేసి జల్లెడలో పది నిమిషాలు పెట్టండి. కింద గిన్నెలోకి నీళ్లు దిగడం చూస్తారు. ఆ నీళ్లన్నీ మీ కుస్కుస్‌లోకి దిగేవే. తర్వాత శుభ్రమైన బట్టలో వేసి వత్తండి. టమాటా వేస్తే గుజ్జు, గింజలు తీసి పైకండ మాత్రమే వేయండి. నేనైతే పండ్లు వేసేటప్పుడు టమాటా వేయను, బత్తాయి పులుపు ఉండగా అది అక్కర్లేదు.

క్యారెట్ తురిమితే రసం దిగుతుంది, సన్నగా తరగడమే మంచిది. ఉల్లిగడ్డ ముక్కలు నిమ్మరసంలో ఐదు నిమిషాలు ఉంచితే ఘాటు పోతుంది, పిల్లలు కూడా తింటారు. పచ్చిమిర్చి వేయాలనిపిస్తే ఒక్కటి, గింజలు తీసి. కాల్చిన గుమ్మడికాయ ముక్కలు, ఉడికించిన కాబూలీ శనగలు కూడా బాగుంటాయి. బెండకాయ, సొరకాయ మాత్రం వద్దు.

పండ్లు, ముఖ్యంగా బత్తాయి

మనది బత్తాయి నేల. తెలంగాణలో బత్తాయి అంటే ముందు నల్లగొండే గుర్తొస్తుంది. ఇంత పండు చేతిలో ఉండగా విదేశీ ఆరెంజ్ కొనాల్సిన అవసరం లేదు. కానీ బత్తాయితో ఒక చిక్కు ఉంది, అది నేను నష్టపోయి తెలుసుకున్నాను.

ఇండియాకు వచ్చిన కొత్తలో మిర్యాలగూడలో ఒక హాఫ్‌శారీ ఫంక్షన్. నూట యాభై మంది. వెరైటీగా ఉంటుందని కుస్కుస్ సలాడ్ ఒప్పుకున్నాను. సొంత తెలివి ఉపయోగించి, నీళ్లలో సగం బదులు బత్తాయి రసం కాచి పోశాను. పది గంటలకే కూరగాయలు, తొనలు అన్నీ కలిపి పెట్టేశాను. ఒంటిగంటకు మూత తీస్తే జావలా కారుతోంది. నోట్లో పెట్టుకుంటే చేదు, వేపపుల్ల నమిలినట్టు. ఆ గిన్నె వడ్డనకు పోలేదు. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బత్తాయి గింజల్లో, తొన మీద తెల్లటి పొరలో చేదు దాగి ఉంటుంది. పండు కోసిన వెంటనే తెలియదు. రసం తీసి పెట్టాక కాసేపటికి బయటపడుతుంది, వేడి తగిలితే ఇంకా ముందే. జ్యూస్ సెంటర్ వాళ్లు మీరు అడిగాకే పిండి ఇచ్చేది ఇందుకే. కాబట్టి బత్తాయి రసం కాచొద్దు, ముందే పిండి పెట్టొద్దు. తొనలే వేయండి.

తొన తీసే పద్ధతి ఇదీ. పండుకు పైనా కిందా ఒక బిళ్ల కోసేసి పీట మీద నిలబెట్టండి. పదునైన కత్తితో పై నుంచి కిందకు, పండు వంపు వెంట, పసుపు తోలుతో పాటు తెల్ల పొర కూడా వచ్చేలా కోయండి. కొంచెం గుజ్జు పోయినా పరవాలేదు. పండు చేతిలోకి తీసుకుని, రెండు తొనల మధ్య కనిపించే పొరకు ఇటొక గాటు, అటొక గాటు పెడితే లోపలి గుజ్జు ఒక్క ముక్కగా జారి పడుతుంది. గింజలు ఏరేయండి. ఆ ముక్కలను జల్లెడలో ఉంచితే రసం కిందకు దిగుతుంది, దాన్ని పాపకు తాగించేయండి. మొదటి రెండు పండ్లు చితికిపోతాయి, మూడో దానికి చేయి తిరుగుతుంది.

దానిమ్మ అన్నిటికంటే నమ్మకమైన పండు. గింజ పగలనంత వరకు చుక్క నీరు దిగదు, కొరికితే పటుక్కుమంటుంది, రంగు చూస్తేనే పిల్లలు చేయి చాపుతారు. ఎండాకాలం అయితే దోర మామిడి వేయండి. కొల్లాపూర్ మామిడి మీకు దగ్గరే కదా. కానీ పూర్తిగా పండింది వద్దు, చేత్తో నొక్కితే గట్టిగా ఉండాలి. జామకాయ కూడా దోరది, గింజల భాగం తీసేసి. గింజల్లేని ద్రాక్ష నిలువుగా కోసి వేయొచ్చు. ఆపిల్ వేస్తే కోసిన వెంటనే నిమ్మరసం పట్టించండి. ఖర్జూరం నాలుగు సన్నగా తరిగి వేస్తే కిస్మిస్ తగ్గించండి.

సీతాఫలం సంగతి తప్పకుండా అడుగుతారు. దసరా ముందూ వెనకా పాలమూరులో ఎటు చూసినా గంపలే, బాలానగర్ సీతాఫలానికి పేరు వచ్చింది మీ దగ్గరి నుంచే. నాకు ప్రాణం ఆ పండంటే. అయినా ఇందులోకి రాదు. గుజ్జు పూసలకు అంటుకుని అంతా పాయసంలా అవుతుంది. దాన్ని విడిగా గిన్నెలో పెట్టి చివర్లో ఇవ్వండి. పుచ్చకాయ, అరటి, బాగా పండిన బొప్పాయి కూడా అంతే.

బాదం, పిస్తా లేవని టెన్షన్ పడొద్దు. మన పల్లీలు వేయండి. సన్న సెగ మీద దోరగా వేయించి, పొట్టు చెరిగి, రెండు పలుకులుగా విడదీసి, వడ్డించే ముందు చల్లితే ఆ కరకర దేనికీ రాదు. నూనె కూడా ఆలివ్ ఉంటే సరే, లేకపోతే గానుగ పల్లీ నూనె వాడండి. నేను అదే వాడతాను.

ఆదివారం ఎలా ప్లాన్ చేసుకోవాలి

పాప కేక్ సాయంత్రం ఏడింటికి కోస్తుందనుకుందాం. శనివారం రాత్రే పల్లీలు వేయించి డబ్బాలో పెట్టుకోండి, దానిమ్మ వలిచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆదివారం నాలుగింటికి కుస్కుస్ నానబెట్టి, ఆరబోసి, చల్లారగానే మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. ఐదింటికి కూరగాయలు కోసి, వత్తి, వేరే డబ్బాలో. బత్తాయి తొనలు ఆరున్నరకు. నిమ్మరసం, నూనె, తేనె, ఉప్పు, పొడులు ఒక సీసాలో వేసి పెట్టుకోండి. తినే ముందు పదిహేను నిమిషాలకు కుస్కుస్ బయటకు తీసి మళ్లీ ఫోర్క్‌తో విడదీసి, సీసా బాగా కుదిపి పోసి, కూరగాయలు, ఆకులు, ఆ తర్వాత దానిమ్మ కలపండి. బత్తాయి తొనలు, పల్లీలు పైన పరవండి, కలపొద్దు. వడ్డించేటప్పుడు అవే కలుస్తాయి.

రెండు గ్లాసులు ఒకేసారి నానబెడితే లోతు గిన్నె తీసుకోవద్దు. పైబరువుకు అడుగుది నలిగి గడ్డ కడుతుంది. నేను ఐదు కిలోలు చేసినా వెడల్పు ట్రేలలో రెండు అంగుళాల మందానికి మించి పోయను.

కలిపాక బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. మన ఎండాకాలంలో అయితే గంట చాలు. తడి తగిలిన పిండిపదార్థం అన్నంలాగే పాడవుతుంది, వాసన రాకముందే పాడవుతుంది. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఒక మాట. కుస్కుస్‌ను డైట్ ఫుడ్ అని అమ్ముతుంటారు, నమ్మొద్దు. ఇది గోధుమ రవ్వ పూసలే, కిస్మిస్, తేనె పడితే ఇంకా తీపి. వాళ్లకు కొంచెమే పెట్టి, కూరగాయలు, శనగలు ఎక్కువ వేయండి. గోధుమ పడని వాళ్లకు అసలు పెట్టకూడదు.

రవ్వతో అవుతుందా?

బొంబాయి రవ్వ మీద వేడి నీళ్లు పోస్తే కాదు, జిగురు ముద్ద అవుతుంది. అది పూసగా చుట్టినదీ కాదు, ఆవిరి పట్టినదీ కాదు. చేత్తో చుట్టి ఇడ్లీ పాత్రలో బట్ట వేసి రెండుసార్లు ఆవిరి పట్టి చూశాను. తినేలా వచ్చింది కానీ పావుకిలోకు రెండు గంటలు పట్టింది, పుట్టినరోజు పూట ఆ పని పెట్టుకోవద్దు. దాని బదులు కొర్రలు వాడండి. రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండు గ్లాసుల లోపు నీళ్లతో పలుకుగా వండి ఆరబోయండి. పండ్లతో బాగా కలుస్తాయి, గోధుమ పడని వాళ్లూ తినొచ్చు. దొడ్డు గోధుమ రవ్వ అయితే నూనెలో దోరగా వేయించి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, పలుకు మీద ఉండగానే చిల్లుల గిన్నెలో వార్చేయండి. కొర్రలే నాకు ఎక్కువ నచ్చాయి.

ఆదివారానికి ముందు ఒక్కసారి పావు గ్లాసుతో చేసి చూసుకోండి, మీ గ్లాసు, మీ గిన్నె సంగతి తెలుస్తుంది. ఒకవేళ అదీ మెత్తబడితే పారేయకండి. అందులో ఉడికించిన ఆలుగడ్డ ఒకటి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, రెండు చెంచాల శనగపిండి కలిపి బిళ్లలుగా వత్తి పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి. మా ఇంట్లో పిల్లలు సలాడ్ కంటే వాటినే ముందు అడుగుతారు.